ఎన్‌ఎస్‌డీ: నాటకం కోసం పెట్టిన స్కూల్.. సినిమా వాళ్లతో ఎందుకు ఫేమస్ అయింది?

‘సీతారామయ్యగారి మనవరాలు’లో అక్కినేని భార్యగా నటించిన రోహిణి హట్టంగడి, ‘వెంకీ’లో విలన్‌గా భయపెట్టిన అశుతోష్ రాణా, ‘కార్తికేయ 2’లో కనిపించిన అనుపమ్ ఖేర్.. ఈ ముగ్గురూ ఒకే స్కూల్‌లో నటన నేర్చుకున్నారు. అదే ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా. అందరూ పిలిచే పేరు ఎన్‌ఎస్‌డీ. విచిత్రం ఏంటంటే.. ఈ స్కూల్ పెట్టింది సినిమా కోసం కాదు. మరి అసలు కథేంటి?

ఎలా మొదలైంది?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో నాటకాలకు కొదవ లేదు. మన దగ్గర సురభి లాంటి కుటుంబ సమాజాలే ఉండేవి. అయితే నటన నేర్చుకోవాలంటే ట్రూపులో చేరి, పెద్దవాళ్లను చూసి నేర్చుకోవాల్సిందే. పద్ధతిగా నేర్పే జాతీయ స్థాయి సంస్థ కావాలన్న ఆలోచన అప్పుడే బలపడింది.

1958లో యునెస్కో సాయంతో ఢిల్లీలో ఏషియన్ థియేటర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మరుసటి ఏడాది.. అంటే 1959లో సంగీత నాటక అకాడమీ ఆధ్వర్యంలో ఎన్‌ఎస్‌డీ ఏర్పడింది. ఆ ఇన్‌స్టిట్యూట్‌ను ఇందులోనే కలిపేశారు. తొలి డైరెక్టర్ బెంగాల్‌కు చెందిన సతు సేన్.

అల్కాజీ వచ్చాక సీన్ మారింది

1962లో ఇబ్రహీం అల్కాజీ డైరెక్టర్ అయ్యారు. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో చదువుకున్న ఆయన, 1977 వరకు ఇక్కడే ఉన్నారు. క్రమశిక్షణ విషయంలో చాలా స్ట్రిక్ట్. డైలాగ్ చెప్పడం వస్తే చాలదన్నది ఆయన పద్ధతి. సెట్టు, లైటింగ్, కాస్ట్యూమ్స్, మేకప్.. అన్నీ తెలియాల్సిందే.

నాటకాన్ని ఆయన హాలు దాటించారు. ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య ‘అంధా యుగ్’, పురానా ఖిల్లాలో గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’ ఆడించారు. 1975లో ఎన్‌ఎస్‌డీ స్వయంప్రతిపత్తి సంస్థ అయింది. ఆయన తర్వాత వచ్చిన కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ జానపద కళల మీద దృష్టి పెట్టారు. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ను యక్షగాన శైలిలో చేయించారు.

మరి సినిమాల్లోకి ఎందుకు?

ఇక్కడే అసలు సమస్య ఉంది. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్నాక పని ఎక్కడ? దీనికి సమాధానంగా 1964లోనే ఎన్‌ఎస్‌డీ సొంత రెపర్టరీ కంపెనీ మొదలుపెట్టింది. అంటే నటులకు జీతమిచ్చి ఏడాది పొడవునా నాటకాలు ఆడించడం. కానీ అందులో పట్టేది కొద్దిమందే. బయట నాటకం మీద నెల గడవడం కష్టం.

అందుకే చాలామంది ముంబై దారి పట్టారు. నసీరుద్దీన్ షా, ఓం పురి ఇక్కడ కోర్సు పూర్తి చేసి, మళ్లీ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అదే సమయంలో శ్యామ్ బెనెగల్ లాంటి దర్శకులకు సహజంగా నటించే కొత్త ముఖాలు కావాలి. అలా తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత పంకజ్ కపూర్, ఇర్ఫాన్ ఖాన్, నవాజుద్దీన్ సిద్దిఖీ, పంకజ్ త్రిపాఠి.. లిస్టు పెరుగుతూనే ఉంది.

ప్రజల డబ్బుతో నడిచే నాటక స్కూల్ సినిమాకు నటులను తయారు చేయడమేంటన్న ప్రశ్న సహజమే. అలాగని అందరూ వెళ్లిపోలేదు. ఇక్కడే చదివిన రతన్ థియమ్ 1976లో ఇంఫాల్‌లో కోరస్ రెపర్టరీ థియేటర్ పెట్టి, మణిపురి నాటకాన్ని ప్రపంచ వేదికలకు తీసుకెళ్లారు. స్కూల్ కూడా 1999 నుంచి ‘భారత్ రంగ్ మహోత్సవ్’ పేరుతో నాటకోత్సవం నడుపుతోంది.

చేరాలంటే ఏం కావాలి?

డిగ్రీతో పాటు కొన్ని నాటకాల్లో పాల్గొన్న అనుభవం ఉండాలి. హిందీ, ఇంగ్లిష్ అర్థం కావాలి. ముందు ఆడిషన్, ఆ తర్వాత ఢిల్లీలో వర్క్‌షాప్ ఉంటాయి. సెలెక్ట్ అయితే స్కాలర్‌షిప్ ఇస్తారు. సీట్లు మాత్రం చాలా తక్కువ. దక్షిణాదిలో బెంగళూరులోనూ ఎన్‌ఎస్‌డీ కేంద్రం ఉంది.

సినిమా ఛాన్స్ కోసమే అయితే ఇది షార్ట్‌కట్ కాదు. మూడేళ్లూ నేర్పేది నాటకమే. ఆ నాటకం మీదే బతికే దారి ఎంతమందికి దొరుకుతుందన్నది మాత్రం.. 65 ఏళ్లు దాటినా ఇంకా తేలని ప్రశ్నే.