చెఱువులోని తెల్లబాతు

హనుమకొండ చుట్టుపట్ల రైతులు యాసంగి నారుమళ్లు సిద్ధపఱచు వేళకు చెఱువులలో నీటిపక్షులు గుమిగూడును. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగరము మొదలుకొని పాకాల వఱకు నిది యేటేట జరుగునదే. ఆ గుంపులలో నొక్కొక్కప్పుడు పాలవలె తెల్లని పక్షి యొకటి కనబడును. ఓరుగల్లు కోట తోరణములపై కాకతీయ శిల్పులు నిలిపిన హంసలను జూచిన కన్నులకు అది హంసయే యని తోచును. "ఎవరి యింటనుండియో తప్పివచ్చిన పెంపుడు బాతు, పట్టినచో దోషమేమి?" అని మఱికొందఱు అందురు. సభ్యులు కొందఱు మమ్ము నీ సంగతియే యడిగిరి. తెలియక వల విసరినవాడు కోర్టు గుమ్మ మెక్కవలసి వచ్చును గావున నిచట వివరించుచున్నాము.

శీతకాలమున తెలంగాణపు జలాశయములకు వచ్చు పెద్దబాతులలో ముఖ్యమైనది బార్ హెడెడ్ గూస్ అనునది. దీని మేను బూడిదరంగు. తల తెలుపు, తలవెనుక రెండు నల్లని చారలు. ముక్కును కాళ్లును పసుపు. మంగోలియా, టిబెట్టు, లడఖు దేశములలో పిల్లలను జేసి, హిమాలయములను దాటి వచ్చును. ఆ దారిలో 7,000 మీటర్లకు మించిన యెత్తున నెగిరినట్లు శాస్త్రజ్ఞులు యంత్రములు కట్టి తెలిసికొనిరి. పగలు నీటిలో విశ్రమించి, రాత్రి పొలములలో మేయుట దీని యలవాటు.

తెల్లగా కనబడినదెల్ల బాతు కాదు. కొంగకు సన్నని మెడ, బల్లెము వంటి ముక్కు ఉండును. ఎగురునప్పుడు మెడను ముడుచుకొనును. ముక్కు గంటెవలె చదునైనచో నది వేఱొక జాతి. నల్లని తలయు వంకర ముక్కును గలది కంకణపక్షి. పావురముకంటె కొంచెము పెద్దదై, తెల్లని మెడతో చెట్టుతొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టు చిన్నబాతు మన యూరిదే. పెంపుడు పెద్దబాతు బరువుగా, పొట్ట జాఱి యుండును, దూరము ఎగురజాలదు.

ఇవి యేవియు గాక, గుంపులోని బాతుల యాకారమే గలిగి, వానితో మేసి, వానితో నెగిరి, వానివలె నఱచు తెల్లపక్షి కనబడినచో నది ఆ జాతిదే యనుకొనవచ్చును. పుట్టుకతో రంగు లోపించుటచే తెల్లనైనది. రంగు పూర్తిగా లేనిచో కన్నులెఱ్ఱగా నుండును. కొంత లోపించినచో కన్నులు మామూలుగానే యుండి యీకలు మాత్రము తెల్లబడును. ఎనుముల మందలో నొకప్పుడు తెల్లదూడ పుట్టుట రైతులెఱిగినదే. తెల్లనైనంత మాత్రమున నది ఎనుము గాక పోదు. కావున రంగును బట్టి గాక ఆకారమును, నడతను బట్టి పక్షిని గుర్తింపవలయును.

అమెరికాలో తెల్లని మంచుబాతులను నియమిత కాలమున వేటాడ ననుమతి కలదు. అచ్చట వేటగాడు రెక్కల కొనల నలుపు మొదలగు గుఱుతులు చూచి, రక్షితపక్షి కాదని నిశ్చయించుకొనియే తుపాకి యెత్తవలయును. మన దేశమున నట్టి కాలమే లేదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమును 1991లో సవరించిన పిదప వినోదపు వేట ముగిసినది. వల, ఉచ్చు, విషము, రాయి యేదైనను వేటయే. గ్రుడ్లు తీయుటయు వేటయే. 2022 నాటి సవరణ ప్రకారము శిక్ష మూడేండ్ల కారాగారము, లక్ష రూపాయల జరిమానా వఱకు నుండవచ్చును. మొదటి షెడ్యూలులోని ప్రాణికి ఏడేండ్ల వఱకు. చచ్చి కనబడిన యడవిపక్షి ప్రభుత్వపు సొత్తు. దానిని కూఱకు తెచ్చుకొనరాదు. పెంపుడుదని పట్టుకొన్నను మేలు లేదు, దానికి యజమాని కలడు. అడవిదైనచో చట్టము, పెంపుడుదైనచో యజమాని. ఎట్లైనను మన చేయి పోరాదు.

నారు తినిపోయిన రైతు బాధ మే మెఱుగని వారము కాము. పంటకు హాని చేయు ప్రాణి విషయమున చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను చట్టప్రకారము వ్రాతపూర్వకముగా అనుమతి నియ్యవచ్చును. అది లేనిదే స్వయముగా చంపరాదు. అంతకు ముందు చేయదగిన పనులు కొన్ని కలవు. నారుమళ్లను చెఱువు శిఖమునకు దూరముగా, ఒక్కచోట కూడి పోసికొన్నచో పదిమంది వంతులవారీగా రాత్రి కావలి కాయవచ్చును. దీపము, డప్పు, మెఱయు రిబ్బను పక్షులను తొలగించును. గుళికల మందు కలిపిన వడ్లు మాత్రము చల్లరాదు. ఆ విషము చేపలకును, పశువులకును, తినిన మనుష్యులకును చేరును.

కాలికి ఉంగరము గాని, మెడకు పట్టి గాని గల పక్షి కనబడినచో నంకెలను వ్రాసికొని అటవీ యుద్యోగులకు తెలుపుడు. 1883లో స్థాపితమైన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు అట్టి గుఱుతుల సహాయముననే పక్షుల ప్రయాణములను లెక్కించుచుందురు. హిమాలయములు దాటి మన చెఱువు వెదకికొని వచ్చిన యతిథిని చూచి సంతసింపుడు. మన నారును కాచుకొనుడు.