ఆఫ్రికా చీకటి ఖండమా?

ఏలూరి సంతలో గాని తాడేపల్లిగూడెపు అంగళ్లలో గాని జొన్నలు, చోళ్లు, సజ్జలు, బొబ్బర్లు కొనువారెవ్వరును అవి యే దేశమునుండి వచ్చినవని యడుగరు. తాతముత్తాతల నాటినుండి మన మెట్టపొలములలో పండుచున్నవి గావున అవి మనవే యని యెల్లరి నమ్మకము. ప్రాచీనపు గింజలను పరీక్షించిన వృక్షశాస్త్రజ్ఞులు వేరుమాట చెప్పుచున్నారు. జొన్న తొలుత సూడాను దేశపు తూర్పు మైదానములలో సేద్యమునకు వచ్చినది. చోడి ఇథియోపియా, యుగాండా దేశముల మెరకభూములది. సజ్జ సహారా యెడారి దక్షిణపుటంచుది. బొబ్బరయు, ఆముదమును ఆ ఖండముననే పుట్టినవి. చింతలపూడి ప్రజలు తమ యూరి పేరులో తలంచుకొను చింతచెట్టునకును పుట్టినిల్లు అదియే. ఆఫ్రికా రైతు అడవిగడ్డినుండి యేరి, పెంచి, పంటగా మలచిన గింజతో మన మెట్టరైతు వేలయేండ్లు బ్రదికినాడు. అట్టి రైతును గూర్చి మనకు తెలిసినదేమి?

పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా యాత్రికులు ఆ దేశమును చీకటి ఖండమని పిలిచిరి. 1878లో స్టాన్లీ తన యాత్రాగ్రంథమునకు ఆ పేరే పెట్టెను. మన పాఠశాలలలోని భూగోళ పుస్తకములు ఆ మాటనే తరతరములుగా వల్లించినవి. వ్రాత లేని జాతికి చరిత్ర లేదు, పట్టా లేనివానికి భూమి లేదు అను రెండు సూత్రములు ఈ పేరు చాటున దాగియున్నవి. మొదటిదానిని పండితులు నమ్మిరి. రెండవదానితో దొరలు నేలను లాగికొనిరి. ఈ రెండింటికి గల చుట్టరికమును గ్రహింపవలెనన్న ఆ ఖండపు స్థితిగతులను కొంత తెలిసికొనుట అవసరము.

ఆఫ్రికా వైశాల్యము మూడుకోట్ల చదరపు కిలోమీటర్లు. మన దేశమునకు తొమ్మిదింతలు. భూమధ్యరేఖ దానిని నడుమ ఖండించుచున్నది. ఆ రేఖ చెంత మహారణ్యము, దానిని దాటిన గడ్డిమైదానములు, వాని కావల యెడారి, కొట్టకొన చలికాలపు వానలు కురియు తీరము. ఉత్తరమునగల యీ వరుసయే దక్షిణమునను అద్దములోని నీడవలె కాననగును. నైలు నది 6,650 కిలోమీటర్లు ప్రవహించి మధ్యధరా సముద్రమును, జాంబెజీ మన హిందూ మహాసముద్రమును చేరుచున్నవి. ఖండములో హెచ్చుభాగము పీఠభూమి. నదులు దాని యంచులనుండి జలపాతములై దిగును. కాంగో వంటి మహానదిపైనను సముద్రమునుండి నేరుగా లోనికి పోవుటకు వీలులేదు. తీరమునకు చేరువనే జలపాతములు అడ్డగించును. ఈ జలదుర్గమునకు మలేరియా జ్వరము తోడయ్యెను. అందుచే ఐరోపావారు నాలుగువందల యేండ్లు చాలవరకు తీరములందే నిలిచి, బానిసలను కొని యోడల కెక్కించుచుండిరి. క్వినైను మందు, పొగయోడ, మరతుపాకి చేతికి వచ్చిన పిమ్మట 1884-85లో బెర్లినులో సభచేసి పంపకపు నియమములు వ్రాసికొనిరి. ఆ సభలో ఆఫ్రికా ప్రతినిధి యొక్కడును లేడు. 1914 నాటికి ఇథియోపియా, లైబీరియాలు తప్ప తక్కిన నేలయంతయు పరహస్తగత మయ్యెను.

కొల్లేటి నెఱిగినవారికి ఆ ఖండపు నడుమనున్న చాదు సరస్సును వర్ణించుట సులభము. వరదకు వ్యాపించి, వేసవికి ముడుచుకొను లోతులేని మంచినీటి సరస్సు. రెల్లు, గడ్డి, చేపలు, వలసపక్షులు. కొల్లేటి నీరు ఉప్పుటేరుగుండ కడలిని చేరును. చాదు నీటికి ఆ దారియు లేదు. 1960 దశకారంభమున 25,000 చదరపు కిలోమీటర్లు వ్యాపించిన ఆ సరస్సు, వానలు తగ్గుటచేతను, నదులనుండి నీటిని తోడుకొనుటచేతను, మూడు దశాబ్దులలోపుననే సుమారు పదవవంతునకు క్షీణించెను. దాని పరిసరములను కానెం-బోర్ను రాజ్యము దాదాపు వేయియేండ్లు పాలించెను.

ఇక చరిత్ర. మన ఏలూరికి అనతిదూరమున పెదవేగియై మిగిలిన వేంగీపురమున నాలుగవ శతాబ్దిలో శాలంకాయనుడగు హస్తివర్మ రాజ్యము చేయుచుండగా, ఇథియోపియాలో అక్సుం రాజగు ఎజానా తన విజయములను మూడు లిపులలో శిలలపై చెక్కించుచుండెను. అందొకటి ఆ దేశపు గీజు లిపి. దానిలో ప్రతి హల్లునకును ఏడు గుణింతపు రూపములు గలవు. అంతకు మున్నూరేండ్లకు పూర్వమే ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అను గ్రంథము అక్సుం వారి అదులిస్ రేవును, సన్నని బట్టలు నేయు మన మసాలియా తీరమును ఒక్క పుస్తకముననే పేర్కొన్నది. ఇథియోపియాలోని దెబ్రెదామో మఠమున కుషాణరాజుల బంగారు నాణెములు దొరకినవి.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లొంగినది. ఆ మరుసటి యేటనే పశ్చిమాఫ్రికాలోని మాలీ చక్రవర్తి మన్సా మూసా మక్కాయాత్రకు పోవుచు, కైరో నగరమున బంగారము వెల పడిపోవునంతగా దానధర్మములు చేసెను. ఓరుగల్లును జయించిన ఉలుగ్ ఖానుడే పిదప మహమ్మద్ బిన్ తుగ్లకు అయ్యెను. ఆతని కొలువులో ఖాజీగా నుండిన ఇబన్ బటూటా 1352లో మాలీకి పోయి, అచ్చటి బాటలు బాటసారులకు నిర్భయములని, ప్రజలు అన్యాయమును సహింపరని మెచ్చుకొనెను. ఆ రాజ్య స్థాపకుడగు సుందియాటా కథను గ్రియోలను గాయకులు కంఠస్థముగా నేటికిని పాడుచున్నారు. మన భట్రాజులు, పిచ్చుకకుంట్లవారు వంశచరిత్రలను నిలిపిన తీరు నెఱిగిన ఆంధ్రునకు ఇది వింత గాదు.

దక్షిణమున మహా జింబాబ్వే రాతికోట సున్నము లేకయే పేర్చబడి, కొన్నిచోట్ల ముప్పదియైదడుగుల యెత్తు నిలిచియున్నది. చీనా పింగాణితో పాటు మన దేశపు గాజుపూసలు అందు లభించినవి. నల్లవారు దీనిని కట్టజాలరని తెల్లవారు చిరకాలము వాదించిరి. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-టామ్సన్ త్రవ్వి చూచి, ఆఫ్రికావారే కట్టిరని తేల్చిరి. అయినను అచ్చటి ప్రభుత్వము ఆ నిజమును మఱుగుపరుపజూచెను. 1980లో స్వతంత్రమైన దేశము ఆ కోట పేరునే ధరించెను.

రాజులు లేనిచోట అరాచకము ఉండెనా? నైజీరియాలోని ఇబో జాతివారిలో అనేక గ్రామములకు రాజు లేడు. పెద్దలును, ఈడుజోళ్ల సంఘములును కూడి తగవు తీర్తురు. స్త్రీల సభలు వేరుగా నుండును. 1929లో తమపైనను పన్ను వేయుదురని విని వేలకొలది స్త్రీలు కదలి రాగా, తుపాకుల కెర యైనవారు ఏబదిమందికి పైబడిరి. పలు జాతులలో భూమి వంశమునకు చెందినది. చనిపోయినవారు, బ్రదికియున్నవారు, పుట్టబోవువారు అందఱును దానికి హక్కుదారులు. సేద్యము చేయువానికి అనుభవము గలదు. పరులకు అమ్ముకొను అధికారము లేదు.

ఈ ధర్మమునకు కాగితము లేదు. కెన్యాలో 1915 నాటి శాసనము నేలయంతయు ఇంగ్లండు రాజుది యనెను. 1921లో న్యాయస్థానము, తరతరములుగా దున్నుచున్న కికుయూలు ప్రభుత్వ మెప్పుడు పొమ్మన్న నప్పుడు పోవలసిన కౌలుదార్లని నిర్ణయించెను. తెల్లవారికి మాత్రము 999 యేండ్ల కౌలు దొరకెను.

ఈ కథలో మన తెలుగువారును చిక్కుకొనిరి. నేటాలులోని జూలూలు తమ భూమియు, పశువులును గలవారు గావున పరుల చెఱకుతోటలలో కూలికి సమ్మతింపలేదు. ఆ కొఱతను తీర్చుటకు 1860 అక్టోబరు 12న ట్రూరో యను ఓడ మదరాసునుండి బయలుదేరి నవంబరు 16న డర్బను చేరెను. 1911లో ఈ పద్ధతి నిలుచులోపల లక్షన్నరకు పైగా భారతీయులు పోయిరి. వారిలో విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు పెక్కండ్రు. 1913లో మూడుపౌనుల తలపన్నుకై గాంధీజీ నడపిన సమ్మె మన కెల్లరకు తెలియును. ఆ యేటనే దక్షిణాఫ్రికా ప్రభుత్వము దేశములో సుమారు నూటికి ఏడువంతుల నేలను మాత్రము నల్లవారికి వదలి, తక్కినచోట్ల వారు భూమి కొనరాదని శాసించెను. ఈ రెండవదానిని మనలో నెందఱు తలంతురు?

అంతదూరము పోనేల? గోదావరి మన్యమున కోయలు, కొండరెడ్లు పోడు కొట్టుకొన్న భూమికి పట్టా లేదు. 1882 అరణ్యశాసనము వారిని తమ కొండలలోనే దొంగలను చేసెను. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట వారు నిలిచిన కారణములలో నిది యొకటి. దొరలు పోయిన పిమ్మటను మైదానపు కాగితమునకు కొండమాట లొంగుచునే యుండెను. అందుచే 1959లో, మరల 1970లో, ఆ భూమి గిరిజనేతరులకు పోకుండ నిబంధనలు చేయవలసివచ్చెను. 2006 అటవీహక్కుల చట్టము క్రింద చేసిన నియమములు గ్రామవృద్ధుల నోటిమాటను సాక్ష్యముగా అంగీకరించినవి. ఆఫ్రికాలో ఆనాడు నిరాకరింపబడిన న్యాయము ఇదియే.

పట్టాలు, పాసుపుస్తకములు పెట్టెలో భద్రపఱచుకొను మనము, కాగితము లేనివానికి హక్కు లేదనుటకు తొందరపడరాదు. మన పంటలలో కొన్నింటి పుట్టుకకు సయితము కాగితము లేదు, గింజయే సాక్ష్యము. ఏలూరి సంతలో ఈసారి చోళ్లు కొలుచుకొనునప్పుడు, వానిని మొదట పండించిన చేతిని ఒకసారి తలంచుకొనుట మన ధర్మము.