టీబీ రోగికి సేవ

టీబీ క్రిములు గాలి ద్వారా వస్తాయి. రోగి దగ్గినా, తుమ్మినా గాలిలో కలుస్తాయి. ముట్టుకుంటే టీబీ అంటదు. కంచం, గ్లాసు వల్ల అంటదు.

అయినా కొన్ని ఇళ్ళల్లో కోడలికి టీబీ అని తెలిస్తే పుట్టింటికి పంపేస్తారు. అది తప్పు. దూరం పెట్టాల్సింది జబ్బును. మనిషిని కాదు.

రోగిని గాలీ వెలుతురూ వచ్చే చోట పడుకోబెట్టాలి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనాలి. కళ్ళెను మూత ఉన్న డబ్బాలో ఉమ్మమనాలి. తరువాత దాన్ని లోతుగా పూడ్చాలి. పప్పు, గుడ్డు, ఆకుకూరలు పెట్టాలి. ఇంట్లో పిల్లలకు పరీక్ష చేయించాలి.

సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం. మామూలుగా 6 నెలలు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది. "తగ్గింది కదా, ఇంకెందుకు?" అని మానేస్తే జబ్బు ముదురుతుంది. ఆ మందులు మళ్ళీ పనిచెయ్యకపోవచ్చు. రోజూ గుర్తుచేసి మందు మింగించడమే పెద్ద సేవ.