ఎగువ వీధి వాన, దిగువ బస్తీ వరద

నగరాల్లో గంటసేపు భారీ వర్షం కురిస్తే చాలు, రహదారులు కాలువలవుతున్నాయి. ఇందుకు వానను మాత్రమే నిందించలేం. మట్టి నేలపై పడిన నీటిలో కొంత భూమిలోకి ఇంకుతుంది. కాంక్రీటు, తారు పరచిన చోట దాదాపు అంతా ఒక్కసారిగా పల్లానికి పరుగెడుతుంది. 100 చదరపు మీటర్ల పైకప్పుపై 5 సెంటీమీటర్ల వాన పడితే చేరే నీరు 5,000 లీటర్లు. వీధిలోని ఇళ్లన్నీ అలా వదిలితే దిగువనున్న బస్తీ మునుగుతుంది.

ఆ ప్రవాహం ఒంటరిగా పోదు. వాహనాల నూనె, టైర్ల ధూళి, చెత్త, పశువుల పేడ వెంట తీసుకుపోతుంది. తొలి వానల నీటిలో ఈ మాలిన్యం మరీ ఎక్కువ. దానికి మురుగు తోడైతే చెరువులో చేరిన వ్యర్థాలు కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి, చేపలు చనిపోతాయి. అదే నీరు తాగునీటి గొట్టాల్లోకి చొరబడితే అతిసారం, కామెర్ల వంటి వ్యాధులు ప్రబలుతాయి.

హైదరాబాదు అనుభవమే ఇందుకు నిదర్శనం. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో నిర్మితమయ్యాయి. అయితే ఎగువనున్న ఆ జలాశయాలు నగరం లోపల కురిసే వానను ఆపలేవు. ఆ భారం మోసినవి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు చేరేది. శిఖం భూముల్లో కట్టడాలు వెలిసి, నాలాలు ఇరుకై ఆ గొలుసు తెగింది. 2020 అక్టోబరులో అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి.

నగర వరదలను నదుల వరదల నుంచి వేరుగా చూడాలని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లోనే మార్గదర్శకాలు వెలువరించింది. నాలాల విస్తరణ, ఆక్రమణల తొలగింపు, వానకాలానికి ముందే పూడికతీత పురపాలక సంఘాల బాధ్యత. పౌరులు చేయగలిగినదీ తక్కువేమీ కాదు. పైకప్పు నీటిని వడగట్టి ఇంకుడు గుంతకు మళ్లించాలి. అందులోకి మురుగు చేరనివ్వరాదు. వాననీటి గొట్టాన్ని మురుగు కాలువకు కలపరాదు. నాలాలో చెత్త వేయరాదు. ఆవరణలో కొంతైనా మట్టి నేలను మిగల్చాలి.

ఒక్క ఇల్లు పాటిస్తే తేడా కనిపించకపోవచ్చు. కాలనీ అంతా పాటిస్తే దిగువ ఇళ్లకు ముంపు ముప్పు తగ్గుతుంది, అడుగంటిన బోర్లకు ఊరట లభిస్తుంది.