బిడ్డల కోపము – ఇంటివారి కర్తవ్యము

విత్తనములు, ఎరువులు, అప్పులు, ధరలు – వీనిని గూర్చి ఈ పత్రికలో నెలనెలయు ముచ్చటించుచున్నాము. ఈ మాసము ఇంటిలోని బిడ్డను గూర్చి వ్రాయుటకు కారణము గలదు. ఒక యేటి పంట పోయిన మఱుసటి యేడు మఱల విత్తుకొనవచ్చును. కోపముతోను దెబ్బలతోను గడచిపోయిన బాల్యమును మఱల విత్తుకొనుటకు వీలులేదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలలోను తండాలలోను ఈ మొఱ వినబడుచునే యుండును: "మా పిల్లవాడు మాట వినడు. అడిగినది ఇయ్యకున్న నేలబడి దొరలును. చేతిలోనిది విసరివేయును. తల్లిని కొట్టును, చెల్లెలిని కొఱుకును." దీనికి కొందఱు తాయెత్తు కట్టింతురు, కొందఱు కఱ్ఱ యెత్తుదురు, పెక్కుమంది సెల్‌ఫోను చేతికిచ్చి యూరకుందురు. ఈ మూడింటిలో నేదియు మూలమును తాకదు. బిడ్డ కోపమునకు ముందొక కారణముండును. వెనుక నొక ప్రతిఫలముండును. ఆ రెంటిని కనిపెట్టి, ఇంటి పెద్దలందఱు ఒక్కమాటపై నిలిచిన యెడల పెక్కుమంది బిడ్డలలో కోపము తగ్గుముఖము పట్టునని మా యభిప్రాయము.

పోతన చూపిన బాలుడు

జనగామ జిల్లా పాలకుర్తి మండలములోని బమ్మెర గ్రామము పోతన మహాకవి యూరని ప్రతీతి. ఆయన భాగవతమున దశమస్కంధములోని వెన్నదొంగ కథ నెఱుగనివారు మనలో లేరు. యశోద పెరుగు చిలుకుచుండగా బాలకృష్ణుడు వచ్చి పాలు త్రాగుచుండెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగెను. తల్లి బిడ్డను దింపి అటు పోయెను. ఆకలి తీరని బాలుడు కోపించి పెరుగుకుండ పగులగొట్టెను. బాలురకు దెబ్బలే పథ్యమని తలపోసి యశోద కోల పూని వెంబడించెను. తుదకు భయపడి యేడ్చుచున్న బిడ్డను కొట్టక, రోటికి కట్టెను.

దైవలీల యట్లుండనిండు. గృహస్థులమగు మనము చూడవలసినది కుండ పగులుటకు ముందు జరిగిన సంగతి. కడుపు నిండకమునుపే బిడ్డను దింపిరి. ఎందులకు దింపిరో బిడ్డకు తెలియదు. తల్లి తప్పును లేదు, పొంగు పాలు ఆగవు గదా! మన యిండ్లలోను పెక్కు కోపము లిట్లే పుట్టును. మిరపకాయ కోతల దినములలో తల్లి తెల్లవాఱకమునుపే చేనికి పోవును. పత్తి యేరు దినములలో రాత్రి యన్నము ఆలస్యమగును. బొగ్గుగనిలో రాత్రి పని చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించుచుండగా పిల్లలు గట్టిగా నవ్వుటకైనను వీలుండదు. ఇందెవ్వరి దోషమును లేదు. అయినను బిడ్డ కోపమునకివి కారణములే.

కోపమునకు లెక్క

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఫ్లారెన్సు గుడెనఫ్ అను విదుషి 1931వ సంవత్సరమున చిన్నపిల్లల కోపమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఆమె తల్లులచేతనే దినదినము లెక్క వ్రాయించెను. 45 మంది పిల్లలు, 1,878 కోపములు ఆ లెక్క కెక్కినవి. భోజనమునకు ముందటి వేళలలో కోపములు హెచ్చుగా కనబడెను. ఒంట్లో నలతగా నున్న దినములలోను అట్లే హెచ్చెను.

సంఘపు బాకీ లెక్క వ్రాసియుంచుకొను రైతునకు ఈ లెక్క కష్టము కాదు. పదునైదు దినములు ఒక నోటుపుస్తకమున ఐదు సంగతులు వ్రాయుడు: కోపము వచ్చిన వేళ యేది, అంతకుముందేమి జరిగెను, బిడ్డ యేమి చేసెను, పెద్దలేమి చేసిరి, తుదకు బిడ్డ కేమి దొరకెను. ఆకలి వేళ, నిద్ర వేళ, ఫోను లాగుకొన్న వేళ – కోపములు తఱచుగా ఇట్టి ఒకటి రెండు చోట్లనే గుమిగూడియుండుట కనబడవచ్చును. ఆకలియే కారణమని తేలినయెడల ఆ వేళకు అరగంట ముందుగా ఒక జొన్నరొట్టె ముక్కయో, గుప్పెడు ఉడికిన పల్లికాయలో పెట్టుడు. కొన్ని కోపములు పుట్టకయే పోవును.

కోపమునకు కట్టు వడ్డీ

ఐదవ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. ఆరేండ్ల బాలుడు అంగడి ముందర చాక్లెటు అడిగెననుకొనుడు. తల్లి లేదనును. ఏడ్చును, లేదనును. నేలబడి దొరలును, పదిమంది చూచుచున్నారని ఆమె కొనియిచ్చును. వెంటనే యేడ్పు ఆగును. ఇద్దఱికిని ఊరటయే. కాని బిడ్డ నేర్చినది యేమి? అడిగిన దొరకదు, ఏడ్చిన దొరకదు, దొరలిన దొరకును!

పూర్వము మన పల్లెలలో నాగుకు ధాన్యము తెచ్చుకొన్న రైతునకు ఆనాటి గడ్డుదినము గడచెడిది. కల్లమున తెచ్చినదానికి మించి కొలువవలసి వచ్చెడిది. బిడ్డ యేడ్పును వస్తువిచ్చి కొనుటయు నట్టిదే. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రమున జెరాల్డు ప్యాటర్సను అను శాస్త్రజ్ఞుడు కుటుంబముల యిండ్లకే పరిశీలకులను పంపి, ఈ వ్యవహారము నెట్లు పెరుగుచున్నదో చూచి, 1982వ సంవత్సరమున గ్రంథముగా ప్రకటించెను. బిడ్డ కేక పెంచినకొలది పెద్దలు లొంగుదురు. పెద్దలు కేక పెంచినకొలది బిడ్డ క్షణకాల మణగును. ఇట్లు కేక ఫలించునని ఇరువురును నేర్తురు.

కాబట్టి ఇయ్యదగినది అడిగినప్పుడే ఇయ్యుడు. ఇయ్యరానిది తుదివఱకు ఇయ్యకుడు. ఒక హెచ్చరిక: ఇట్లు నిలిచిన మొదటి దినములలో కోపము తగ్గుటకు మాఱు పెరుగును. పాత బాట మూసినప్పుడు బిడ్డ మఱింత గట్టిగా త్రోసి చూచును. ఆ దినములలో ఒక్కమాఱు లొంగిన, ఆ పెరిగిన కోపమే క్రొత్త ధర యగును.

ఇంట నొక్కమాట

తండ్రి కాదన్నది తాత కొనియిచ్చును. తల్లి మందలించిన నాయనమ్మ అడ్డుపడి కోడలినే గద్దించును. బిడ్డ యెవరి మాట వినవలెను? సంఘమున తీర్మానమైన పిమ్మట అధ్యక్షుడొకటి, కార్యదర్శి యొకటి చెప్పిన సంఘము నిలుచునా? రాత్రి బిడ్డ నిద్రించిన పిమ్మట పెద్దలందఱు కూర్చుండి రెండు మూడు కట్టుబాట్లు మాత్రమే చేసికొనుడు: ఎవ్వరిని కొట్టరాదు, వస్తువులు విసరరాదు, అన్నము వేళ ఫోను లేదు. ఈ కట్టుబాట్లు పెద్దలకును వర్తింపవలెను. తండ్రి త్రాగివచ్చి కంచము విసరు నింట, విసరరాదని బిడ్డకు చెప్పుట వ్యర్థము.

కోపము వచ్చినప్పుడు

1. హాని కలిగించు వస్తువును, చిన్నపిల్లలను దూరముగా తొలగింపుడు.
2. మీ గొంతు తగ్గింపుడు. ఒక్కరు మాత్రమే దగ్గఱ నుండుడు. అప్పుడు నీతులు చెప్పవద్దు. ఉడుకుచున్న మనసున కవి యెక్కవు.
3. చల్లబడిన పిమ్మట, "నీకు కోపము వచ్చినది బిడ్డా, కోపము రావచ్చును, కొట్టకూడదు" అని రెండు మాటలలో చెప్పుడు. విసరినదానిని బిడ్డచేతనే తీయింపుడు.
4. కోపమును మాటతో చెప్పిన దినమున, ఆగి నిలిచిన దినమున, అప్పటికప్పుడే మెచ్చుకొనుడు. మంచిగా నున్నప్పుడు పలుకరింపక, అల్లరి చేసినప్పుడే చూచిన యెడల బిడ్డ అల్లరినే యెన్నుకొనును.
5. దినమునకు పదునైదు నిమిషములు పనియు ఫోనును ప్రక్కనుంచి ఆ బిడ్డతో గడపుడు.

దెబ్బల మాట

పాఠశాలలలో బిడ్డలను కొట్టుటయు, మనసు నొప్పించుటయు 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ విభాగము నిషేధించినది. ఆ చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్నది. అంతకు ఎన్నో యేండ్లకు ముందే చలము తన 'బిడ్డల శిక్షణ' యందు దెబ్బలను ఖండించెను. పాఠశాలకు కూడనిది ఇంటికెట్లు కూడును? దెబ్బ తిన్న బిడ్డ ఆ క్షణమున అణగును. బలవంతుడు బలహీనుని కొట్టవచ్చునని మాత్రము నేర్చును. పదునాలుగేండ్లకు బలము తన వైపునకు వచ్చినప్పుడు ఆ పాఠమును ఇంటనే అప్పగించును.

ఎదిగిన బిడ్డ యున్న యిల్లు

పైరుకు కొట్టు మందు డబ్బాలు మన యిండ్లలో మంచముక్రిందను, అటకమీదను ఉండుట వాడుక. కోపమున నున్న యెదిగిన బిడ్డ చేతి కవి యందరాదు. ఆ కోపము గడియలో చల్లాఱును. మ్రింగినది వెనుకకు రాదు. పెట్టెలో నుంచి తాళము వేసి, తాళపుచెవి పెద్దవారి యొద్ద నుంచుడు. "చచ్చిపోదును" అని బిడ్డ యన్న మాటను బెదిరింపని కొట్టివేయకుడు. ఒంటరిగా విడువక, నాడే సహాయము కోరుడు.

ఎప్పుడు చూపింపవలెను?

కొన్ని కోపములకు మూలము దేహమున నుండును. చెవి సరిగా వినబడని బిడ్డ మాట విననట్లే కనబడును. వయసునకు తగిన మాటలు రాకుండుట, మూర్ఛలు, పేరుపెట్టి పిలిచిన చూడకుండుట, ఒకచోట నిలువలేకుండుట, చదువు ఎంతకును ఎక్కకుండుట, తనకో ఇతరులకో గాయములు చేయుట – ఇవి కనబడిన ఆలస్యము చేయరాదు. అంగన్‌వాడీ టీచరునకో, ఆశా కార్యకర్తకో తెలుపుడు. 2013వ సంవత్సరమున నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 యేండ్లవఱకు పిల్లలను పరీక్షించు వైద్యబృందములు అంగన్‌వాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వచ్చును. వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము గలదు. 2022 అక్టోబరులో నారంభమైన టెలి మానస్ వారికి 14416 సంఖ్యకు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటలాడుదురు. బిడ్డ హింసకు గుఱియగుచున్న యెడల 1098 కలదు. మనసునకు వైద్యము చేయించుట పరువు తక్కువ కాదు. ఎద్దు కుంటిన పశువైద్యుని పిలుచువారము, బిడ్డ విషయమున వెనుదీయనేల?

సోదరులారా, సోదరీమణులారా! మొండివాడని బిడ్డకు పేరు పెట్టుట సులభము. ఆ పేరు పెద్దయైనను వదలదు. ఈ రాత్రియే ఇంటి పెద్దలు కలిసి కూర్చుండుడు. నోటుపుస్తకము తెఱచి మొదటి దినపు లెక్క వ్రాయుడు. పదునైదు దినముల పిమ్మట ఆ లెక్క మీకే దారి చూపును.