గోడమీది తీగ: పేరు తెలిశాకే తెంపండి

సుమ్మాదేవి: పలాస, మందస రోడ్ స్టేషన్ల నడుమనున్న సుమ్మాదేవి మొదలు ఉద్దానం తీరం వరకు నాలుగు వానలు పడితే చాలు, పెరటి గోడలు, దడులు తీగలతో కప్పుకుపోతాయి. దొండ, బచ్చలి కూరకు వస్తాయి. కొన్ని మందుకు వస్తాయి. మరికొన్ని ప్రాణం మీదకు తెస్తాయి.

గురివిందను పోల్చుకోవడం తేలిక. చింతాకు వంటి ఆకు, నల్లని కన్నున్న ఎర్రని గింజ. కంసాలులు బంగారం తూచిన గింజ ఇదే. నమిలి మింగితే విషం. దీనికి విరుగుడు మందు లేదు. పిల్లలు మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

తిప్పతీగకు హృదయాకారపు ఆకు, పచ్చని కాండం, ఎర్రని గుండ్రటి పండ్లు ఉంటాయి. కోవిడ్ రోజుల్లో దీని కషాయం తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు. దీన్ని పోలిన మరో తీగతో పొరబడవద్దని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో హెచ్చరించింది. ఆ రెండో తీగ కాండం బూడిద రంగులో, బుడిపెలతో ఉంటుంది. తుంచితే పాలు వస్తాయి. అసలు తీగనైనా వైద్యుని అడగకుండా వాడరాదు.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది ఈశ్వరి తీగ విషయంలో. దీని పువ్వు అడుగున ఉబ్బి, పైన గొట్టంలా సాగుతుంది. ఎండిన కాయ పగిలి చిన్న ఉట్టిలా వేలాడుతుంది. పాము కాటుకు దీని వేరు నూరి ఇచ్చే వాడుక ఉంది. అయితే ఈ జాతి మొక్కలలోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990 ప్రాంతంలో బెల్జియంలో, ఒళ్లు తగ్గేందుకు వాడిన మందులో ఇదే జాతి మొక్క కలియడంతో ఎందరో స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి.

ఉద్దానం జబ్బుకు ఈ తీగే కారణమని ఎవరూ తేల్చలేదు. అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కాని కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరవవలసి వచ్చిన ప్రాంతమిది. ఇక్కడ మూత్రపిండాలకు చేటు చేసే వేరును మందుగా మింగడం తగదు.

ఆకు ఒక్కటే చూసి తీగను నిర్ణయించరాదు. పువ్వు, కాయ, కాండం కూడా చూడాలి. అనుమానముంటే కాయతో ఉన్న రెమ్మను ఆయుర్వేద వైద్యునికో, వృక్షశాస్త్రం చెప్పే మాస్టారికో చూపాలి. పాము కరిస్తే వేరు వెతకకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నాటుమందు వాడినవారు ఆ సంగతి డాక్టరు వద్ద దాచరాదు.