ఒక ఫైలునకు రెండు పేర్లు

కంప్యూటరునందు ఫైళ్లను వెదకు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుచున్న మన పై తరగతుల విద్యార్థులకు ఉపయోగపడునని తలంచి, మాకు సంభవించిన యొక చిక్కును ఇచ్చట వివరించుచున్నాము.

మా యొద్ద మార్కుల పట్టికలు పెక్కేండ్లుగా ఎక్సెల్ ఫైళ్లుగా నుండెను. పాతవాని పేర్ల చివర, చుక్క తరువాత, ఎక్స్-ఎల్-ఎస్ అను మూడక్షరము లుండును. ఎక్సెల్ 2007తో వచ్చిన క్రొత్త రూపమునకు మరియొక ఎక్స్ చేరి నాలుగక్షరము లైనవి. మేము పాత పట్టికల నన్నిటిని క్రొత్త రూపమునకు మార్చి, అదే ఫోల్డరునందుంచి, పిమ్మట పాతవానిని తొలగించుటకై డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్కుతో నొక చిన్న ప్రోగ్రామును వ్రాసితిమి. నక్షత్రపు గుర్తు, చుక్క, ఆ మూడక్షరములు: ఇదియే మేమిచ్చిన నమూనా. నక్షత్రమనగా ఏ పేరైనను సరే యని యర్థము.

ముందుగా ఆ ఫోల్డరు ప్రతిని పెన్‌డ్రైవులోనికి తీసికొని పరీక్షించితిమి. పాత ఫైళ్లే పోయినవి. నిశ్చింతతో అసలు ఫోల్డరుపై నడిపించితిమి. పాతవియు క్రొత్తవియు అన్నియు పోయినవి! ఇట్లు ప్రోగ్రాము తొలగించిన ఫైలు చెత్తబుట్టలోనికైనను చేరదు. పెన్‌డ్రైవులోని ప్రతియే లేకున్నచో పదవ తరగతి పిల్లల యేడాది మార్కులు మాకు దక్కియుండెడివి కావు.

దీనికి మూలము పాతకాలమున నున్నది. 1981లో వెలువడిన ఎమ్మెస్-డాస్‌నందు ఫైలు పేరునకు ఎనిమిదక్షరములు, చుక్క తరువాత మూడక్షరములు మాత్రమే చెల్లెడివి. తరువాత విండోస్‌లో పొడుగు పేర్లు వచ్చినను, పాత ప్రోగ్రాములు నిలిచిపోకుండుటకై అట్టి ప్రతి ఫైలునకు లోపల నొక పొట్టిపేరును గూడ పెట్టుచు వచ్చిరి. సౌలునకు పౌలను పేరును గలదని యెరిగిన వారికి ఇది వింతగా తోపదు. ఇంగ్లీషులో మార్క్స్ అను పేరుగల క్రొత్త ఎక్సెల్ ఫైలునకు పొట్టిపేరు: మార్క్స్, ~ అను అల గుర్తు, 1 అను అంకె, చుక్క, ఎక్స్-ఎల్-ఎస్. నాలుగవ యక్షరము రాలిపోయినది! వెదకునపుడు విండోస్ మన నమూనాను రెండు పేర్లతోను పోల్చును. ఏది సరిపోయినను ఆ ఫైలు పట్టుబడును. ఒకటవ తరగతి పట్టికలకై 1 అను అంకెగల పేర్లను వెదకినను, ఆ ~1 మూలముగా సంబంధము లేని ఫైళ్లు రావచ్చును.

మరి పెన్‌డ్రైవుపై ఏల సరిగా నడచెను? అది ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి నమర్చినది. అందు పొట్టిపేర్లు లేవు. మా కంప్యూటరు డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్, అందు ఉన్నవి. ఈ సంగతి తెలియక మేము రెండు దినములు ప్రోగ్రామునే తప్పుపట్టితిమి. మైక్రోసాఫ్టువారి వివరణ పత్రములలో ఈ మూడక్షరముల సంగతి స్పష్టముగనే యున్నది; చదువనిది మేమే.

అనుమానము కలిగినపుడు డిర్ అను ఆజ్ఞకు ఏటవాలు గీతను, ఎక్స్ అక్షరమును చేర్చి నడిపినచో పొట్టిపేర్లు తెరపై కనబడును. పొట్టిపేర్లను పుట్టకుండ నిలిపివేయుటయు సాధ్యమే కాని, ముందే పుట్టినవి అట్లే యుండును. వానిపై నాధారపడిన పాత ప్రోగ్రాములు చెడవచ్చును గనుక మాకది రుచింపలేదు. డాట్‌నెట్ నూతన రూపములు సాధారణముగా పొడుగు పేరునే చూచును. పాతదానితో పనిచేయువారు, వెదకగా వచ్చిన ప్రతి ఫైలు యొక్క చివరి యక్షరములను మరల వేరుగా తీసి, పెద్దబడి చిన్నబడి భేదము పాటింపక, పూర్తిగా సమానమగునో లేదో పోల్చవలెను. రెండు పంక్తుల పని. మా ప్రోగ్రాము ఇప్పుడట్లు పోల్చిన పిమ్మట, తొలగింపబోవు పేర్ల నన్నిటిని తెరపై చూపి, మేము అవునని చెప్పువరకు వేచియుండుచున్నది.